ఒకటే పాట, రెండు గొంతులు

ఒకటే కందిపప్పు, ఒకటే పోపు. అయినా అత్తగారి చేతి రుచి వేరు, కోడలి చేతి రుచి వేరు. పాటలకీ అంతేనండీ! ఈ వారం వంటల సంగతి కాస్త పక్కనపెట్టి, అమెరికాలో పుట్టిన ఓ పాట కథ చెప్పుకుందామా?

అక్కడి నల్లజాతివాళ్ళు చర్చిలో పాడుకునే భక్తిగీతాలూ, వాళ్ళ 'రిథమ్ అండ్ బ్లూస్' పాటలూ కలిసి 'సోల్' సంగీతం అయింది. సోల్ అంటే ఆత్మ. ఏ పాట ఎంత అమ్ముడైంది, రేడియోలో ఎంత మోగింది అని చూసి 'బిల్‌బోర్డ్' పత్రిక వారం వారం నంబర్లిస్తుంది. అదే చార్టు. అన్ని రకాల పాటలకీ కలిపి పెద్ద చార్టు ఒకటి, రిథమ్ అండ్ బ్లూస్‌కి వేరేగా ఇంకొకటి.

1965లో ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు 'రెస్పెక్ట్' అనే పాట రాసి, తనే పాడాడు. రెస్పెక్ట్ అంటే గౌరవం. సంపాదించి తెచ్చే మగవాడు, ఇంటికొచ్చేసరికి తనకి కాస్త గౌరవం దక్కాలని అడిగే పాట. రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో 4, పెద్ద చార్టులో 35 దాకా వెళ్ళింది. ఫరవాలేదు, బాగానే ఆడింది.

1967లో అదే పాటని అరీతా ఫ్రాంక్లిన్ అందుకుంది. డెట్రాయిట్‌లో ఒక పాస్టరుగారి అమ్మాయి, తండ్రి చర్చిలో పాడుతూ పెరిగింది. ఇప్పుడు అడిగేది ఆడమనిషి! ఇవ్వాల్సింది నేనూ ఇస్తున్నాను, నా గౌరవం నాకియ్యి అంటుంది. ఆ మాటలో అక్షరాల్ని ఒక్కొక్కటే విడదీసి పలకడం కూడా ఆవిడ చేర్చిందే. ఇంకేముంది, పెద్ద చార్టులో రెండు వారాలు, రిథమ్ అండ్ బ్లూస్‌లో ఎనిమిది వారాలు మొదటి స్థానం. రెండు గ్రామీ అవార్డులు. ఆడవాళ్ళ హక్కుల కోసం, నల్లజాతి హక్కుల కోసం పోరాడేవాళ్ళకి అది సొంత పాటైపోయింది.

ఆ పాటలో వెనకాల గొంతు కలిపింది అరీతా అక్క ఎర్మా, చెల్లి కరోలిన్. ఎర్మా కూడా అదే ఏడాది 'పీస్ ఆఫ్ మై హార్ట్' పాడింది. పెద్ద చార్టులో 62 దగ్గరే ఆగింది. మర్నాటి ఏడాది జానిస్ జోప్లిన్ తన బృందంతో పాడితే అదే పాట 12కి వెళ్ళింది. పేరంతా జానిస్‌కే! అయితే 1992లో బ్రిటన్‌లో ఒక జీన్స్ ప్రకటనలో ఎర్మా పాట వినిపించింది. జనం వెతికి వెతికి కొన్నారు. అక్కడి చార్టులో 9వ స్థానం. పాతికేళ్ళు పట్టింది, చూశారా!

మన చాకిరీకి ఏ చార్టూ లేదు. "ఇంట్లోనే ఉంటుందిగా, ఖాళీయేగా" అని వచ్చినవాళ్ళ ముందు అనకుండా ఉంటే, అదే మనకి మొదటి నంబరు. అడిగితే గొడవనుకుంటారని నోరు మూసుకుంటాం. గౌరవం అడగడం గొడవ కాదండీ. ఓటిస్ అడిగితే తప్పులేనిది అరీతా అడిగితే తప్పెలా అవుతుంది?

ఇప్పుడు ఈ పాటలన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి. కూరలు తరుగుతూ ముందు ఓటిస్‌ది, తర్వాత అరీతాది వినండి. భాష రాకపోయినా తేడా తెలిసిపోతుంది. వీలైతే మీవారి చెవిన కూడా పడనివ్వండి, ఏమంటారు?