మందుల చీటీ చదివే కంప్యూటర్‌కు మన ఊరు తెలియాలి



ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మా పని గురించే రాద్దామనుకున్నాం. కోదాడ సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో ఉండి చదువుకున్న మాలో కొందరం ఇప్పుడు హైదరాబాద్‌లో ఆన్‌లైన్ మందుల అమ్మకానికి కావలసిన సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. ఊరికి వస్తే "ఏం పని బిడ్డా?" అని అడుగుతారు. "సాఫ్ట్‌వేర్" అంటే చాలు, ఏసీ గది, నెల తిరిగేసరికి జీతం, శని ఆదివారాలు సెలవు అనుకుంటారు. అందులో అబద్ధం లేదు. కానీ అది సగం మాటే. మందు అమ్మే సాఫ్ట్‌వేర్ రాసేవాడికి మందుల దుకాణంలో కౌంటర్ వెనుక నిలబడ్డ ఫార్మసిస్టుకు ఉన్నంత బాధ్యత ఉంటుందని మా అభిప్రాయం. ఆ కొత్త కౌంటర్ వెనుక మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్ళు లేకపోతే నష్టపోయేది మన అమ్మానాన్నలే.

ముందు పని ఏమిటో చెబుతాం. మన హాస్టల్ స్టోర్ రూమ్ తెలిసినవాళ్ళకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. బియ్యం బస్తాలు వచ్చిన రోజే స్టాకు రిజిస్టర్‌లో ఎక్కుతాయి. పాత బస్తా అయిపోయాకే కొత్తది విప్పుతారు. రోజు ముగిసేసరికి ఎంత వాడారో, ఎంత మిగిలిందో లెక్క తేలాలి. మందుల గోడౌన్‌లోనూ అంతే. ప్రతి స్ట్రిప్ మీదా బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఏది ముందు వచ్చిందని చూడరు, ఏ గడువు ముందు ముగుస్తుందో అదే ముందు బయటికి పోవాలి. ఇన్సులిన్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఫలానా బ్యాచ్ బాగాలేదని ఔషధ నియంత్రణ అధికారులు ప్రకటిస్తే, అది ఎవరెవరి ఇంటికి వెళ్ళిందో వెంటనే జాబితా తీయాలి. ఈ లెక్కంతా చూసే ప్రోగ్రాములు రాయడం మా పనిలో ఒక భాగం.

రెండో భాగం ఇంకా ముఖ్యమైనది. మందులు అమ్మడానికి మన దేశంలో 1940 నాటి చట్టం, 1945 నాటి నియమాలు ఆధారం. షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందును రిజిస్టర్ అయిన డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అని మరొకటి అమల్లోకి వచ్చింది. బలమైన యాంటీబయాటిక్స్, క్షయ మందులు, కొన్ని నిద్రమాత్రలు అందులో ఉన్నాయి. వాటిని అమ్మితే డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారో విడిగా రాసి మూడేళ్లు దాచాలి. చీటీలో ఒక కంపెనీ మందు రాసి ఉంటే, ఆ షెడ్యూల్ మందుల విషయంలో దుకాణదారుడు తన ఇష్టంతో ఇంకో కంపెనీది ఇవ్వకూడదని కూడా నియమం ఉంది. దుకాణంలో ఇవన్నీ ఒక మనిషి కళ్ళతో చూసి చేయాలి. ఆన్‌లైన్‌లో మొదటి గేటు మేము రాసిన ప్రోగ్రాము. చీటీ ఫొటో లేకపోతే ఆర్డరు ఆగాలా, వద్దా? పాత చీటీతో ఎన్నిసార్లు తీసుకోవచ్చు? ఫార్మసిస్టు చూడకముందే ప్యాకింగ్‌కు వెళ్ళొచ్చా? వీటికి జవాబులు కోడులో ఉంటాయి. గేటు గట్టిగా ఉంటే చట్టం నిలబడుతుంది, వదులుగా ఉంటే చట్టం పుస్తకంలోనే ఉంటుంది.

ఈ రంగం చట్టం కంటే వేగంగా పరుగెత్తింది. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ మందుల అమ్మకానికి ప్రత్యేక నియమాల ముసాయిదా విడుదల చేసింది. ఏళ్లు గడిచినా అది ముసాయిదాగానే ఉండిపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరు 28న దేశమంతటా మందుల దుకాణదారులు బంద్ పాటించారు. డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేకుండా ఆన్‌లైన్‌లో మందులు అమ్మకూడదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చేసరికి, లైసెన్సు ఉన్న దుకాణాలు ఇంటికే మందులు చేర్చడానికి ప్రభుత్వమే అనుమతించింది. ఆ వెంటనే పెద్ద కంపెనీలు దిగాయి. 2020లో రిలయన్స్ నెట్‌మెడ్స్‌ను, 2021లో టాటా వారు 1ఎంజీని చేతిలోకి తీసుకున్నారు. 2006లో హైదరాబాద్‌లో దుకాణాల గొలుసుగా మొదలైన మెడ్‌ప్లస్ కూడా ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకుంటోంది. 2023 ఫిబ్రవరిలో ఔషధ నియంత్రణ అధికారులు పలు ఆన్‌లైన్ కంపెనీలకు షోకాజ్ నోటీసులు ఇచ్చారు. ఇలా నియమం స్పష్టంగా లేనిచోట, పని చేసేవాడి మనస్సాక్షి మీదే ఎక్కువ బరువు పడుతుంది.

మన కోదాడ మెడికల్ షాపువాళ్ళు చెప్పే మాటలో న్యాయం లేకపోలేదు. కూలికి పోయే మనిషికి చేతిలో ఇరవై రూపాయలే ఉంటే షాపులో స్ట్రిప్ కత్తిరించి ఆ పూటకు సరిపడా గోలీలు ఇస్తారు. తెలిసిన మనిషైతే ఉద్దెర ఇస్తారు. "అన్నం తిన్నంక ఏసుకో" అని నోటితో చెబుతారు. ఆన్‌లైన్‌లో స్ట్రిప్ మొత్తం కొనాలి, ఇంత మొత్తం దాటకపోతే డెలివరీ చార్జీ కట్టాలి. మరోవైపు, అదే షాపుల్లో చీటీ అడగకుండా యాంటీబయాటిక్ మూడు గోలీలు ఇచ్చి పంపడం కూడా మనందరికీ తెలిసిందే. నెలనెలా షుగరు, బీపీ మందు కావలసిన పెద్దవాళ్ళకు, కోదాడలో దొరకని మందు కోసం విజయవాడ బస్సు ఎక్కేవాళ్ళకు ఇంటికి వచ్చే మందు నిజంగా మేలు చేస్తుంది. కాబట్టి ఆన్‌లైన్ మంచిదా చెడ్డదా అని వాదులాడుకోవడం కంటే, దాన్ని ఎవరి కోసం తయారు చేస్తున్నారని అడగడం మేలు.

ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ చాలావరకు నగరంలో ఇంగ్లీషు చదవగలిగిన, సొంత ఫోను ఉన్న, అపార్ట్‌మెంట్‌లో ఉండే మనిషిని ఊహించుకుని తయారైంది. మన ఇళ్లు అలా ఉండవు.

మన ఇళ్లలో మందును పేరు పెట్టి పిలవరు. తెల్ల గోలీ, ఎర్ర గోలీ, పొద్దుటి గోలీ అంటారు. మందు అదే అయినా కంపెనీ మారితే గోలీ రంగు మారుతుంది. అప్పుడు అమ్మ రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. ఇది నాది కాదని పక్కన పెడుతుంది, లేదా పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటుంది. రెండూ ప్రమాదమే. "కంపెనీ మారింది, మందు మాత్రం అదే, పాత గోలీ బదులు దీన్నే వేసుకోవాలి" అని తెలుగులో ఒక చీటీ అచ్చు వేసి డబ్బాలో పెట్టడం సాఫ్ట్‌వేర్‌కు పెద్ద పనేమీ కాదు. మెట్‌ఫార్మిన్ 500 అంటే ఒకటి, అదే మందు మెల్లగా కరిగే రకం అంటే మరొకటి. ఆ తేడా తెలుగులో కనబడాలి.

మన ఇళ్లలో ఒకే ఫోను మీద నలుగురు బతుకుతారు. నాయన బీపీ మందు, అమ్మ థైరాయిడ్ మందు, చెల్లె దగ్గు మందు, పక్కింటి అవ్వ కళ్ళ చుక్కలు, అన్నీ ఒకే నంబరు మీద ఆర్డరు అవుతాయి. కంప్యూటర్ మాత్రం వీళ్ళందరినీ ఒకే రోగి అనుకుంటుంది. "మీ మందు అయిపోయింది, మళ్ళీ తెప్పించాలా?" అని ఎవరిదో ఎవరికో చెబుతుంది. ఫోను నంబరు వేరు, రోగి వేరు అన్న చిన్న సంగతి మొదట్లోనే ప్రోగ్రాములో ఉండాలి. పుట్టిన తేదీ అడిగితే మన పెద్దల్లో చాలామందికి ఆధార్ కార్డులో జనవరి 1 అనే ఉంటుంది. ఇంటి నంబరు అడిగితే "నీళ్ల ట్యాంకు ఎదురు సందు" అంటారు. అలాంటి చిరునామాను తప్పు అని ఎర్ర అక్షరాల్లో చూపితే మునగాల, నడిగూడెం, చిలుకూరు పల్లెల మనిషికి అక్కడే తలుపు మూసినట్టు.

ఇంకో సంగతి గుట్టు. ఒకరు కొన్న మందుల జాబితా చూస్తే ఆ మనిషి జబ్బు ఏమిటో చెప్పేయొచ్చు. క్షయ, హెచ్‌ఐవి, మానసిక వ్యాధి, కాన్పు సంబంధమైన మందులు, ఏదైనా సరే. ఇంటిల్లిపాదీ చూసే ఫోనులో మందు పేరుతో సందేశం వస్తే ఒక ఆడపిల్ల పెళ్లి ఆగిపోవచ్చు, ఒక మనిషిని ఊరు దూరం పెట్టవచ్చు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఉన్నా లేకపోయినా, సందేశంలో మందు పేరు లేకుండా "మీ ఆర్డరు వచ్చింది" అని మాత్రమే పంపాలని ఆలోచించవలసింది రాసేవాడే.

చీటీ లేనివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన పల్లెల్లో మొదట చూసేది ఆర్‌ఎంపీ. ఆయన కాగితం చెల్లదు. అప్పుడు డాక్టర్‌తో ఫోనులో మాట్లాడించి చీటీ ఇప్పించే పద్ధతి ఉంది. ఫోనులో వైద్యానికి 2020 మార్చిలో మార్గదర్శకాలు వచ్చాయి, అది చట్టబద్ధమే. కానీ హిందీలోనో ఇంగ్లీషులోనో రెండు నిమిషాలు అడిగితే, మన అమ్మ అర్థం కాకపోయినా అన్నిటికీ "ఆఁ ఆఁ" అంటుంది. అలా పుట్టిన చీటీ గేటు దాటడానికి పనికొస్తుంది గానీ రోగికి పనికిరాదు. తెలుగు తెలిసిన డాక్టర్‌కే ఆ ఫోను వెళ్ళేలా చేయడం ప్రోగ్రాములో ఒక గడి పెడితే అయ్యే పని. ఆ గడి కావాలని అడిగే మనిషి గదిలో ఉండాలి, అంతే.

"కంపెనీ మన మాట వింటుందా?" అని మీరు అడగవచ్చు. అన్నీ వినదు. క్షయ మందు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా దొరుకుతుందని, బీపీ, షుగరు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇస్తారని తెర మీద చూపించమంటే అమ్మకం పోతుందని నసుగుతారు. చూపించాలనే మా అభిప్రాయం. నిద్రమాత్రకు "ఎక్కువ కొంటే తగ్గింపు" పెట్టవద్దంటే ఈ నెల లెక్క చూపిస్తారు. అయినా ప్రశ్న అడిగినవాడు ఒకడుంటే అది మీటింగు కాగితాల్లో ఎక్కుతుంది, ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వస్తుంది. రంగు మారిన గోలీ గురించి, ఒకే ఫోను వాడే ఇంటి గురించి తెలియనివాడు ఆ ప్రశ్న అడగలేడు. వాళ్ళకు తెలివి లేక కాదు, ఆ ఇల్లు చూడలేదు గనుక. మనం చూశాం. ఇన్నాళ్లు దాన్ని మన లోటు అనుకున్నాం. ఈ పనిలో అదే మన చదువు.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట. ఇంజనీరింగ్ సీటు వస్తేనే ఈ రంగం అనుకోకండి. డి.ఫార్మసీ, బి.ఫార్మసీ చదివేవాళ్ళు కొంచెం కంప్యూటర్ నేర్చుకుంటే ఇక్కడ చాలా అవసరం. ఏ మందులో ఏ రసాయనం ఎంత ఉందో సరిగ్గా జాబితా కట్టేది, వచ్చిన చీటీని చూసి సరే అనేది వాళ్ళే. డిగ్రీవాళ్ళు డేటాబేస్, టెస్టింగ్ నేర్చుకోండి. టెస్టింగ్ అంటే తప్పులు వెతకడం. ఇంటిపేరు రాని అవ్వ, పుట్టిన తేదీ తెలియని తాత, అక్షరం రాని అమ్మ ఈ తెరను వాడగలరా అని పరీక్షించడానికి మనకంటే బాగా ఎవరికి వస్తుంది? ఇంగ్లీషుకు భయపడకండి. మాకూ రాలేదు. స్టడీ అవర్లో గట్టిగా చదువుతూ, తప్పులు మాట్లాడుతూ నేర్చుకున్నదే.

ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. సెలవుల్లో వచ్చినప్పుడు హాస్టల్ పిల్లలకు ఒక పూట కేటాయించి మీ పని ఏమిటో చూపించండి. మేము దసరా సెలవుల తర్వాత రెండు ఆదివారాలు వస్తాం. కంప్యూటర్ మేమే తెస్తాం. వార్డెన్ గారు ఒక గది ఇస్తే చాలు. పిల్లలు మాత్రం ఒక పని చేసి పెట్టాలి. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో ఎవరు ఏ మందు వాడుతున్నారో, దాన్ని ఇంట్లో ఏమని పిలుస్తారో ఒక కాగితం మీద రాసుకు రండి. పేర్లు వద్దు, మందు సంగతి చాలు. మొదటి పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.