వైన్ ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు బాబూ!

"వైన్ ఎంత పాతదైతే అంత గొప్ప" అని ఇంకెవరైనా నా ముందు అంటే వాళ్లని తీసుకెళ్లి మా గరాజ్‌లో ఓ గంట నిలబెడదామని ఉంది. డాలస్‌లో, జూలై మధ్యాహ్నం. ఎందుకంటారా? ఒక తిన్యనెల్లో సీసాకి నేను చేసిందదే మరి. గంట కాదు, పదేళ్లు.

2014లో నా గ్రీన్ కార్డుకి లేబర్ ఫైల్ చేసిన వారం, నేనూ నా పాత రూమ్మేటూ కలిసి తిన్యనెల్లో 2011 కొన్నాం. దాదాపు 100 డాలర్లు. ఒక్క సీసాకి! "కార్డొచ్చిన రోజు తెరుద్దాంరా" అనుకుని గరాజ్‌లో అర మీద నిలువుగా పెట్టాం. మా ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించేవాణ్ణి కూడాను.

2024 వేసవిలో వాడు విసుగెత్తి హైదరాబాద్ వెళ్లిపోయాడు. కార్డు నాకూ రాలేదు, వాడికీ రాలేదు. వెళ్లే ముందు రాత్రి ఆ సీసా తెరిచాం. ఎండిపోయిన కార్కు ముక్కలైంది. వైన్ ఎరుపు పోయి డికాషన్ రంగుకొచ్చింది. వాసన చూస్తే మాగి ఉడికిపోయిన పండ్లు, దాని వెనకాలే వెనిగర్. వాడొక గుక్క తాగి, "బానే ఉందిరా" అన్నాడు. ఇన్నేళ్ల స్నేహంలో వాడు నాతో ఆడిన అబద్ధాలు చాలా తక్కువ. అదొకటి.

ఇంతకీ నేను పాడుచేసింది ఏపాటి వైనో చూడండి. ఇటలీలో, టస్కనీలోని కియాంతీ క్లాసికో ప్రాంతంలో తిన్యనెల్లో అనే తోట ఉంది. 1385 నుంచీ వైన్ వ్యాపారంలో ఉన్న ఆంటినోరి కుటుంబానిది. అప్పటి కియాంతీ నిబంధనల ప్రకారం ఎర్ర వైన్‌లో కూడా కొంత తెల్ల ద్రాక్ష కలపాల్సిందే. పియెరో ఆంటినోరి, ఆయన దగ్గర వైన్ తయారీ చూసే జాకొమో తాకిస్ కలిసి "మాకీ రూలొద్దు" అనుకున్నారు. 1971 పంట నుంచి కియాంతీ అనే పేరే వదులుకుని, లేబుల్ మీద మామూలు 'టేబుల్ వైన్' అని వేసుకున్నారు. 1975కల్లా తెల్ల ద్రాక్ష పూర్తిగా పోయింది. 1982 నుంచి ఈనాటి పాళ్లే: సుమారు 80 శాతం సాంజొవేజె, 15 శాతం కాబర్నే సావిన్యో, 5 శాతం కాబర్నే ఫ్రాంక్. ఇలాంటి వైన్లకే తర్వాత సూపర్ టస్కన్ అని పేరొచ్చింది. అంటే లేబుల్ హోదాని లెక్కచెయ్యకుండా, గ్లాసులో రుచి కోసం పుట్టిన వైన్ అన్నమాట. దాన్ని తీసుకొచ్చి మనం లేబుల్ కనపడేలా షోకేసులో పెడుతున్నాం!

అసలు పాతబడితే వైన్‌కి ఏమవుతుంది? ఎర్ర వైన్‌లో టానిన్లుంటాయి. దానికి మనకి చక్కటి మాటుంది, వగరు. నేరేడుపండు తింటే నాలుక పట్టేస్తుందే, అదే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని కొంత అడుగున మడ్డిగా దిగుతాయి, వగరు మెత్తబడుతుంది. పండు వాసనలు తగ్గి తోలు, పొగాకు లాంటివి పైకొస్తాయి. కానీ ఇదంతా నెమ్మదిగా, చల్లగా జరగాలి. 12-14 డిగ్రీలు, చీకటి, కాస్త తేమ, కార్కు ఎండకుండా సీసా పడుకోబెట్టి ఉండాలి. వేడిలో పెడితే ముసలిదవుతుంది గానీ పెద్దదవదు.

ఈ తేడా నాకు ఎలా తెలిసిందంటే, ఆ తర్వాత మా టీంలో ఒకాయన ఇంట్లో అదే 2011 తాగాను. కొన్నరోజు నుంచీ కూలర్‌లో పడుకోబెట్టాడట. పుల్లచెర్రీ ఇంకా బతికే ఉంది, వగరు నాలుకని నిమిరినట్టుంది, మింగాక కూడా చాలాసేపు రుచి పోలేదు. ఒకే వైన్, ఒకే సంవత్సరం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"కూలర్ దండగ కదండీ" అంటారు. చిన్న కూలర్ ఖరీదు ఇప్పటి ఒక తిన్యనెల్లో సీసా ధరకి అటూ ఇటూగా ఉంటుంది. సీసాకి పెట్టిన చెయ్యి కూలర్ దగ్గర ఆగిపోతుందేం? వంటింట్లో ఫ్రిజ్ నెత్తిన, ఎండపడే కిటికీ పక్కన, హైదరాబాద్ ఫ్లాట్‌లో అటక మీద పెట్టి "సెల్లారింగ్ చేస్తున్నా" అనకండి. ఎప్పుడూ రిస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని బ్యాకప్ అంటామా? ఇదీ అంతే.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఇల్లెగిరిపోయేలా అరిచే అమ్మల పిల్లలం మనం. నిలవ ఉంచడానికీ పారేసి ఉంచడానికీ తేడా మనకొకరు చెప్పాలా? పైగా ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో ఎక్కువ భాగం కొన్నేళ్లలో తాగెయ్యడానికే. పదేళ్లు ఆగగలిగేవి కొన్నే, అవి కూడా సరిగ్గా ఉంచితేనే.

కాబట్టి నేను చెప్పేదొక్కటే. చల్లటి చోటుంటే దాచండి. లేకపోతే ఈ శనివారమే తెరవండి. సీసాని ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీసి, ఒక జగ్గులోకి వంచి గంటాగి తాగండి. కార్డు, ప్రమోషన్, ఇల్లు... ఇవి వచ్చేదాకా వైన్ ఆగదు, మనుషులూ ఆగరు.

వాడు డిసెంబర్లో ఆఫీసు పని మీద రెండు వారాలు వస్తున్నాడు. మొన్నే ఇంకో సీసా కొన్నాను. ఈసారి వాడు దిగిన రాత్రే తెరుస్తాం. కార్డు సంగతి తర్వాత.