లెక్క వేసినవాడికి వేషం రాదా?

పాత్రలు ఊహించుకుని, పాచికలు వేసి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్లల దగ్గర ఒక మడి ఆచారం నడుస్తోంది. పాత్రను తయారుచేసుకునేటప్పుడు ఏ అంకె ఎక్కడ పెడితే దెబ్బ గట్టిగా పడుతుందో చూసుకునేవాడికి ‘మిన్‌మాక్సర్’ అని ముద్ర వేస్తారు. వాడికి కథ పట్టదట, నటన రాదట. కత్తి సరిగా పట్టలేని వీరుడినో, మంత్రాలు మరిచిపోయే మాంత్రికుడినో తెచ్చుకున్నవాడేమో అసలైన కళాకారుడట.

డ్రాగన్ ఉందని తెలిసిన గుహలోకి దూరడమే బతుకుతెరువుగా పెట్టుకున్న మనిషి చేతకాని ఆయుధం పట్టుకుంటాడా? ప్రాణం మీద తీపి ఉన్న ఎవడైనా సాధన చేస్తాడు, తనకు నప్పే విద్యే నేర్చుకుంటాడు. ఆ జాగ్రత్త పాత్ర స్వభావంలో భాగమే. అసలు 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆట బొమ్మ సైన్యాల యుద్ధక్రీడల కడుపున పుట్టింది. తొలి నియమాల్లో, కొల్లగొట్టి తెచ్చిన బంగారానికి కూడా అనుభవ పాయింట్లు వచ్చేవి. లెక్కను పరాయిదంటే ఎలా?

ఇక అంకెలే చూద్దాం. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో పాత్రకు ఆరు గుణాలు. కొనుక్కునే పద్ధతిలో చేతికి 27 పాయింట్లు ఇస్తారు, ఒక్కో గుణం 8 నుంచి 15 దాకా కొనొచ్చు. అందరూ మెచ్చే సమతూకం పాటిస్తే మూడు 13లు, మూడు 12లు వస్తాయి. ఎత్తూ పల్లం లేని మనిషి. లెక్కలవాడు మూడింటిని 15కు లాగుతాడు, మిగతా మూడూ 8 దగ్గరే పడి ఉంటాయి. లోటు ఎవరి పాత్రలో ఉంది? ఎదుటివాళ్లను మెప్పించే గుణమైన చరిస్మా 8 మాత్రమే ఉన్న యోధుడు సామంతుడి కొలువులో నోరు విప్పాల్సి వచ్చినప్పుడే కదా నాటకం పండేది! ఆటగాడు ఆ 8ని మరిచి అనర్గళంగా ఉపన్యాసం దంచితే తప్పే. వేసిన లెక్కకు కట్టుబడకపోవడం ఆ తప్పు. ఆట నడిపే డంజన్ మాస్టర్ ఇరవై ముఖాల పాచిక వేయిస్తే నోరు మూతపడొచ్చు.

చేతకానితనమే కళ అనుకునేవాళ్లకు ఒక మాట: పద్యనాటకంలో రాగం నిలపలేని కృష్ణుడిని, గొంతు లేదు గనుక భావం బాగా పలికించాడని ఎవరూ మెచ్చుకోరు.

ఒకడి పాత్ర మిగతావాళ్లను మింగేస్తోందన్న ఫిర్యాదు మాత్రం నిజం. అందులో కొంత నియమాల పాపం: 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో పై లెవెళ్లకు చేరేసరికి, ఎవరూ ప్రత్యేకంగా లెక్కలు వేయకపోయినా, మాంత్రికుడి ముందు యోధుడు వెలవెలబోతాడు. తక్కినది మర్యాదకు సంబంధించింది. ‘నా పాత్ర అంతేనండీ’ అంటూ సొంత జట్టువాళ్ల సంచులే కొట్టేసే దొంగ వేషధారినీ, సాయంత్రమంతా తన విషాద గతమే వినిపించే రాకుమారుడినీ ఎవరూ మిన్‌మాక్సర్ అనరు. కానీ ఆట పాడుచేసేది వాళ్లూనూ. ఆ బల్ల దగ్గరే, తొలిసారి వచ్చి నియమాల పుస్తకం చూసి బెదిరిపోయిన కుర్రాడి పక్కన కూర్చుని, వాడు కోరుకున్న పాత్రకు అంకెలు కుదిర్చిపెట్టేది చాలాసార్లు ఆ లెక్కలవాడే.