మూలనపడ్డ మోటారుకు పని చెప్పండి

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో ఏ రైతు ఇంటి వసారా చూసినా చెడిపోయిన బ్యాటరీ స్ప్రేయరు ఒకటి మూల పడివుంటుంది. ట్యాంకు పగిలిందనో, పంపు నీళ్లు లాగడం లేదనో పక్కన పెట్టేస్తాం. పాత సామాన్లోడు వస్తే కిలోల లెక్కన ఇచ్చేస్తాం. నిజానికి అందులో మోటారు, స్విచ్చి, వైర్లు, ఛార్జరు చాలావరకు బాగానే వుంటాయి. వీటితో చిన్న చేతి డ్రిల్లు తయారుచేసుకోవచ్చు.

ముందుగా స్ప్రేయరును సబ్బునీళ్లతో శుభ్రంగా కడగండి. పురుగుమందు అవశేషం చేతికి అంటుతుంది కనుక తొడుగులు లేకుండా విప్పొద్దు. పంపు తల తీసేసి, షాఫ్టు కొననున్న వంకర బేరింగును మెకానిక్ చేత తీయించి, షాఫ్టు మందానికి సరిపడే చిన్న చక్ బిగించాలి. పీవీసీ పైపు ముక్కను పిడిగా వాడుకోవచ్చు. బ్యాటరీ ప్లస్ దగ్గర 10 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. ఆ పది రూపాయల ముక్కే వైరు కాలిపోకుండా కాపాడుతుంది. మన వైపు ఉప్పుగాలికి రాగి తీగ పచ్చబడిపోతుంది. అందుకని అతుకులకు గ్రీజు రాసి టేపు చుట్టండి.

ఇంతకీ ఇది ఎంత పని చేస్తుంది? 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో వుండేది 96 వాట్-అవర్లు. మోటారు 5 ఆంపియర్లు లాగితే 60 వాట్లు. లెక్కకు గంటన్నర వచ్చినా, సగం ఖర్చు కాగానే ఛార్జింగు పెడితేనే లెడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. అంటే ముప్పావు గంట పని. డ్రిప్పు పైపుకు, వెదురుకు, పలుచటి చెక్కకు బెజ్జాలు వేయడానికి చాలు. అంతకుమించి ఆశపడొద్దు.

ఇక్కడే గట్టిగా చెప్పాల్సిన మాట వుంది. దీనికి రంపపు బిళ్ల గానీ, గడ్డి కోసే ఇనప రెక్క గానీ బిగించొద్దు. అడ్డు తొడుగు లేని బిళ్ల ఎగిరితే వేళ్లు పోతాయి. పాత ల్యాప్‌టాప్ లిథియం సెల్లులు చవగ్గా దొరుకుతున్నాయని కొనొద్దు. వాటిని స్ప్రేయరు లెడ్ ఛార్జరుతో ఛార్జి చేస్తే నిప్పంటుకుంటుంది. ఇంట్లో చేసిన పనిముట్టుకు 230 వోల్టుల కరెంటు ఇచ్చి తడి కయ్యలోకి దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

చదువుకున్నోళ్లకే ఇది సాధ్యమని అనుకోవద్దు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేశారు. తల్లి పడే కష్టం చూడలేక 1992లో మొదలుపెట్టి 1999కల్లా ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనకు పట్టింది ఏడేళ్లు. మనది రెండు రోజుల పని.

ప్రభుత్వం వంతు కూడా వుంది. అద్దె యంత్రాల కేంద్రాలంటే ట్రాక్టర్లు, కోత మిషన్లే గుర్తుకొస్తాయి. అరెకరా రైతుకు కావాల్సింది చేతి పనిముట్టు, దాన్ని బాగుచేసే చెయ్యి. కృషి విజ్ఞాన కేంద్రం, ఐటీఐ కలిసి మండలానికొక మరమ్మతు శిక్షణ పెడితే ఊరి కుర్రాళ్లకు ఉపాధి, మనకు ఆదా. మీ గ్రామసభలో ఈ మాట అడగండి. ఇక పూర్తిగా చచ్చిన బ్యాటరీని కాలవలో పడేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుదే. కాబట్టి అమ్మిన దుకాణంలోనే ఇచ్చేయండి. అందులోని సీసం కాలవలో కలిస్తే చివరికి చేరేది మన కయ్యలకూ, రొయ్యల గుంటలకే.