ఎంత పొయ్యాలో ఎవరు చెప్పాలండీ?

వైద్య ఆరోగ్యశాఖ మంత్రిగారికి,

కొల్లేటికోట నుంచి రాస్తున్నాను. గొంతు ఆపరేషనయ్యాక మా బావగారిని ముక్కులో గొట్టంతో పోయిన నెల ఇంటికి పంపారు. ఆపరేషన్ వైద్యసేవ కార్డు మీదే అయింది, ఆ మేలు మరవం. డిశ్చార్జి కాగితం మీద తిండి గురించి మాత్రం రెండే మాటలు: 'హై ప్రొటీన్'. చేపల చెరువుల మధ్య బతికేవాళ్లం, ప్రొటీనంటే మాకూ తెలుసు. గొట్టంలోంచి కొరమీను దిగదు కదా!

అంతకుముందు పది పన్నెండు రోజులు ఆయన మంచినీళ్లు తప్ప మింగలేదు. సగమైపోయిన మనిషిని చూడలేక మా అక్క రాగిజావ గుడ్డలో వడకట్టి, మొదటిరోజే సిరంజితో నాలుగు గ్లాసులు పోసింది. మాత్రలు నూరి అందులోనే కలిపింది. మర్నాటికి గొట్టం పూడుకుపోయింది. మూడోరోజుకి చెయ్యెత్తలేకపోయాడు, ఒకటే ఆయాసం. మళ్లీ ఆసుపత్రి. రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయిందన్నారు. కడుపు మాడినవాళ్లకి ఒక్కసారిగా ఎక్కువ పెడితే అలా అవుతుందట. సరే. "ఇంత పొయ్యమని నీకెవరు చెప్పారమ్మా?" అని అందరి ముందూ అక్కని కసరడమెందుకు?

ఎవరూ చెప్పలేదండీ. అదే మా గోడు.

నర్సునడిగితే డాక్టరుగారన్నారు, డాక్టరుగారు డైటీషియన్నడగమన్నారు, ఆ గదికి తాళం. ఏ మాత్ర నూరకూడదో ఫార్మసిస్టు, పోసేటప్పుడు తల ఎంతెత్తున ఉంచాలో నర్సు, మళ్లీ మింగడం ఎప్పుడు మొదలెట్టాలో స్పీచ్ థెరపిస్టు చెప్పాలట. వీళ్లంతా డాక్టరుతో కలిసి ఒక్క పూట ఒక్క మంచం దగ్గర నిలబడలేరా? ఆసుపత్రి పేరు రాయను. చుట్టుపక్కల ఎక్కడైనా ఇంతేనంటున్నారు.

రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ప్రకటించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. నూరేళ్లయింది. ఆ పరీక్ష ఇంటికి పంపేముందు ఒకసారి చెయ్యడానికి ఇంకెన్నేళ్లు? చిక్కిపోయిన పసిపిల్లలకి పోషకాహార పునరావాస కేంద్రాలున్నాయి, మంచిదే. పెద్దవాళ్లు ఎండిపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఏలూరుకి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, అక్కడి నుంచైనా ఏదో ఒకటి మొదలుపెట్టించండి.

రెండోసారి ఇంటికి పంపినప్పుడు కాగితం మీద ఇంకో మాట చేరింది: 'కొద్దికొద్దిగా'. కొద్దంటే ఎంతో తెలియక, మనవడి పాలసీసా మీద గీతలు చూసుకుంటూ పోస్తోంది మా అక్క.

ఇట్లు,
కొల్లేటికోట నుంచి ఒక తమ్ముడు