32 డిగ్రీలే కదా అనకండి

2025 జూన్ నెలాఖరున ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్లది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఇక్కడ ఇంగ్లండ్ నడిమధ్యన ఒక వేర్‌హౌస్‌లో ఏజెన్సీ తరఫున పని చేస్తున్నాడు. మధ్యాహ్నం షిఫ్ట్‌లో పై అంతస్తు మెట్ల దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాడు. సూపర్‌వైజర్ మంచినీళ్లు ఇచ్చి కాసేపు కూచోబెట్టి, అరగంట తర్వాత మళ్లీ స్కానర్ చేతికిచ్చాడట.

అతను ఫోన్ చేసింది కంపెనీ మీద ఫిర్యాదు చెయ్యడానికి కాదు. రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసి ఈ సంగతి చెప్తే వాళ్ల బాపు నవ్వాడట. "32 డిగ్రీలకే పడిపోయినవారా? మేము మే నెలల 44 డిగ్రీల ఎండల వడ్లు ఆరబోసినం" అన్నాడట. "అన్నా, నాకేమన్నా రోగం ఉన్నదా? డాక్టర్ దగ్గరికి పోవాల్నా?" అని ఆ తమ్ముడు నన్ను అడిగాడు. సిగ్గుపడుతూ అడిగాడు.

ఆ సిగ్గు గురించే రాయాలనిపించింది. యూకేలో పనిచేసే మనోళ్లకి ఎండ కన్నా ముందు దెబ్బ కొడుతున్నది "మాకు ఎండ కొత్తనా" అనే మాటే.

నేను ఇంటర్ తర్వాత దుబాయ్ పోయి ఆరేండ్లు పనిచేశాను. సముద్రం ఒడ్డున ఉండే ఆ ఊళ్లో జులై నెల ఎట్లుంటదో గల్ఫ్ పోయి వచ్చినోళ్లందరికీ తెలుసు. పగలు సగటున 41 డిగ్రీలు, రాత్రి కూడా 30 కిందికి దిగదు. అయినా మమ్మల్ని చంపింది ఆ 41 కాదు, సముద్రం మీది నుంచి వచ్చే ఉక్కపోత. తెల్లవారుజామున క్యాంప్ గదిలోంచి బయటకి అడుగు పెడితే కళ్లద్దాల మీద ఆవిరి పట్టేది. చెమట కారేది గాని ఆరేది కాదు.

ఇది మన మట్టికుండ లెక్కే. నిజామాబాద్‌లో మే నెల పొడి గాలికి కుండలో నీళ్లు చల్లగా అవుతాయి. అదే కుండని విశాఖలో పెడితే అంత చల్లబడవు, ఎందుకంటే గాలిలో తేమ ఉంటే కుండ మీది చెమ్మ ఆరదు. మన ఒళ్లూ అంతే. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. అందుకే ఒక్క డిగ్రీల అంకె చూసి ఇది తక్కువ ఎండ, అది ఎక్కువ ఎండ అని చెప్పలేం. గాలి ఆడుతున్నదా, తేమ ఎంత, మనిషి కూచుని ఉన్నాడా లేక ఇరవై కిలోల పెట్టెలు మోస్తున్నాడా, ఒంటి మీద ఏం తొడుక్కున్నాడు, ఇవన్నీ కలవాలి.

ఇంకొకటుంది. అది ఇక్కడ చాలామందికి తెలియదు. ఎండకి అలవాటు పడడం అనేది పుట్టుకతో వచ్చే గుణం కాదు. ఒళ్లు ఒకటి రెండు వారాలు వేడిలో పనిచేస్తే అలవాటు పడుతుంది, చెమట తొందరగా పట్టడం, అందులో ఉప్పు తక్కువ పోవడం మొదలవుతుంది. వేడికి దూరంగా కొన్ని వారాలు ఉంటే ఆ అలవాటు మొత్తం పోతుంది. రెండు చలికాలాలు ఇంగ్లండ్‌లో జాకెట్ వేసుకుని తిరిగిన జగిత్యాల పిల్లవాడి ఒళ్లు, ఎండ విషయంలో, ఇంగ్లీషువాడి ఒళ్లు ఒకటే. వాళ్ల బాపు ఫిబ్రవరి నుంచి రోజురోజూ పెరిగే ఎండలో తిరుగుతూ మే దాకా వచ్చాడు. కొడుకు పోయిన వారం 19 డిగ్రీల్లో ఉండి ఈ వారం 32లోకి వచ్చిపడ్డాడు. అమెరికాలో కార్మిక భద్రతా శాఖ లెక్కల ప్రకారం, బయట పనిచేస్తూ వేడికి చనిపోయినవాళ్లలో సగం మంది పైగా పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే చనిపోయారు. కొత్తగా చేరినవాడే మొహమాటానికి ఎక్కువ లాగుతాడు కదా.

మరి ఈ దేశంలో ఎండ నిజంగా అంతుందా అంటే, 2022 జులై గుర్తు చేసుకోండి. ఆ నెల 18, 19 తేదీలకి వాతావరణ శాఖ మొదటిసారి వేడికి రెడ్ వార్నింగ్ ఇచ్చింది. 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది, ఈ దేశంలో 40 దాటడం అదే మొదటిసారి. అంతకుముందు రికార్డు 2019 జులైలో కేంబ్రిడ్జ్‌లో 38.7. లూటన్ విమానాశ్రయంలో రన్‌వే ఒకచోట ఉబ్బిపోయి విమానాలు ఆగాయి. లండన్ అంచున వెన్నింగ్టన్‌లో ఇళ్లు తగలబడ్డాయి. ఒక్క రెండు రోజుల ముచ్చట అని కొట్టిపారెయ్యలేం. 2025లో జూన్ నెల ఇంగ్లండ్‌కి రికార్డుల్లోనే అత్యంత వేడి జూన్. ఆ మొత్తం వేసవి యూకే చరిత్రలోనే అతి వేడి వేసవి. జులై 1న కెంట్‌లోని ఫావర్‌షామ్‌లో 35.8 దాకా పోయింది.

2022 వేసవిలో వచ్చిన ఐదు విడతల వేడిలో, ఇంగ్లండ్‌లో మామూలు కన్నా 2,985 మంది ఎక్కువ చనిపోయారని ప్రభుత్వ ఆరోగ్య భద్రతా సంస్థే అంచనా వేసింది. ఎక్కువమంది ముసలివాళ్లు. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకి వెయ్యి మందికి పైగా పోయారని పేపర్లలో చదివాం. ఇక్కడిది గణాంకాలతో వేసిన అంచనా, మనది అధికారులు నమోదు చేసిన లెక్క, కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలవకూడదు. కాని "చల్లటి దేశం" అనుకునే చోట అన్ని ప్రాణాలు పోయాయన్నది మాత్రం నిజం.

కారణం ఇళ్లలోనే ఉంది. ఈ దేశంలో కట్టడాలన్నీ వేడిని బయటకి పోనీయకుండా కట్టినవి. చలికాలం అది వరం, జులైలో శాపం. సీలింగ్ ఫ్యాన్ కొక్కెం ఉండదు. వేర్‌హౌస్‌లకి రేకు కప్పు, పైఅంతస్తు ర్యాకుల దగ్గరికి వేడంతా ఎక్కి కూచుంటుంది. స్ట్రాబెర్రీ తోటల్లో ప్లాస్టిక్ కప్పిన పాలీటన్నెళ్ల లోపల బయట కన్నా బాగా ఎక్కువ వేడి, గాలి ఆడదు. కేర్ హోమ్‌లలో పెద్దవాళ్లు పడిపోకుండా కిటికీలు జానెడు కన్నా తక్కువే తెరుచుకునేట్టు బిగిస్తారు. ఆ గదుల్లో మన చెల్లెళ్లు ప్లాస్టిక్ ఏప్రన్, గ్లోవ్స్ వేసుకుని మనిషిని లేపి కూచోబెట్టి స్నానం చేయిస్తారు. రెస్టారెంట్ కిచెన్‌లో తందూర్ ముందు నిలబడేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. షిఫ్ట్ అయ్యాక పోయేది ఎక్కడికి? అద్దె ఇంట్లో పైకప్పు కింది గది, అందులో ముగ్గురు, ఒకటే కిటికీ. రాత్రి ఒళ్లు చల్లబడకపోతే మర్నాటి షిఫ్ట్‌కి సగం అలసటతోనే పోతాం.

ఇప్పుడు చట్టం సంగతి. గల్ఫ్‌లో కార్మికుడికి హక్కులు తక్కువ, యూకేలో ఎక్కువ అని మనకి గట్టి నమ్మకం. చాలా విషయాల్లో నిజమే. కాని ఎండ విషయంలో గల్ఫ్‌లో ఒక గీత ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం, తప్పితే ఒక్కో మనిషికి 5,000 దిర్హమ్‌ల జరిమానా. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4. ఖతార్‌లో 2021 నుంచి 10 నుంచి 3:30, దానికి తోడు వేడి, తేమ, ఎండ, గాలి నాలుగూ కలిపి లెక్కేసే కొలత 32.1 దాటితే ఏ గంటలోనైనా పని ఆపాలి. ఈ నియమాలు సరిపోతాయని నేను అనను. పదకొండున్నరకి ఎండ లేదా? క్యాంప్ బస్సులో ఏసీ పనిచెయ్యకపోతే దానికి నిషేధం ఉందా? అయినా గడియారం చూపించి "టైమ్ అయింది" అని చెప్పుకునే వీలుండేది మాకు.

యూకేలో ఆ గీత లేదు. 1992 నాటి పని స్థలాల నిబంధనలు లోపలి పనిచోట ఉష్ణోగ్రత "సబబుగా" ఉండాలని మాత్రమే అంటాయి. చలికి మాత్రం మార్గదర్శకాల్లో అంకె ఉంది, మామూలు పనికి 16, బరువు పనికి 13 డిగ్రీలు. వేడికి పైహద్దు లేదు. ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏండ్లుగా 30 డిగ్రీల హద్దు, బరువు పనికైతే 27 పెట్టమని అడుగుతున్నది. ఫౌండ్రీల్లో, బేకరీల్లో ఎప్పుడూ వేడే కదా, హద్దు ఎట్లా పెడతాం అన్నది ఇటువైపు జవాబు. ఆ జవాబు నాకు ఎక్కదు. కొలిమి దగ్గర పనికి వేరే నియమం రాయొచ్చు. దాని పేరు చెప్పి వేర్‌హౌస్‌కి నియమమే లేకుండా చెయ్యడం ఏం న్యాయం?

గీత లేకపోతే భారం ఎవరి మీద పడుతుంది? "ఇది సబబు కాదు" అని నోరు తెరవాల్సినవాడి మీద. వీసా స్పాన్సర్ చేతిలో ఉన్నవాడు నోరు తెరుస్తాడా? స్పాన్సర్ పని తీసేస్తే మామూలుగా హోమ్ ఆఫీస్ 60 రోజులు ఇస్తుంది, ఆ లోపు వేరే స్పాన్సర్ దొరకాలి, లేదా సంచి సర్దుకోవాలి. ఏజెన్సీ వాళ్లకైతే రేపటి షిఫ్ట్ మెసేజ్ రాకపోతే చాలు. ఇంటి దగ్గర అప్పు లక్షల్లో. అందుకని ఆ భయాన్ని కూడా "మాకు ఎండ కొత్తనా" అనే మాట కింద దాచేసుకుంటాం. సూపర్‌వైజర్ కూడా అదే మాట నేర్చుకున్నాడు, "మీ ఇండియా వాళ్లకి ఇది లెక్కా" అని. మనం ఇచ్చిన కర్రతో మననే కొడుతున్నట్టు.

అంకె లేకపోయినా చేతిలో ఏమీ లేదని కాదు. ఆ తమ్ముడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. అదే 1992 నిబంధనల్లో ఒక చిన్న మాట ఉంది: లోపల ఎంత వేడి ఉందో పనివాళ్లకి తెలిసేట్టు సరిపడా థర్మామీటర్లు పెట్టాలి. తాగే నీళ్లు ఇవ్వాలి. 1999 నిబంధనల ప్రకారం ప్రమాదాల అంచనా వెయ్యాలి, అందులో వేడి కూడా వస్తుంది. షిఫ్ట్ ఆరు గంటలు దాటితే 20 నిమిషాల బ్రేక్ హక్కు. కాబట్టి "వేడిగా ఉంది" అని గొణగడం కన్నా "మా ఫ్లోర్‌లో థర్మామీటర్ ఎక్కడ ఉంది, వేడికి రిస్క్ అసెస్‌మెంట్ వేశారా" అని మెసేజ్‌లో అడగడం మేలు. గొడవ పెట్టుకున్నట్టు ఉండదు, రాతలో ఉంటుంది, జవాబు చెప్పక తప్పదు. ఒక్కరు కాక నలుగురు అడగండి. యూనియన్‌లో చేరడానికి వీసా అడ్డం రాదు.

1996 ఉద్యోగ హక్కుల చట్టంలో 44వ సెక్షన్ ఉంది. తీవ్రమైన ప్రమాదం మీది మీదికి వచ్చిందని సహేతుకంగా నమ్మి పని చోటు వదిలినందుకు శిక్షించకూడదని అది చెప్తుంది. 2021 నుంచి ఏజెన్సీ వర్కర్లలాంటి వాళ్లకి కూడా వర్తిస్తున్నది. అయితే దీన్ని వాట్సాప్‌లో చదివి ఎకాఎకిన షిఫ్ట్ వదిలి రాకండి. "సహేతుకం" అనేది తేల్చేది ట్రిబ్యునల్, అది నెలల పని. ముందు ఆకాస్‌కి 0300 123 1100 మీద ఫోన్ చేసి అడగండి, డబ్బులు తీసుకోరు. వేర్‌హౌస్‌లు, షాపులు, హోటల్ కిచెన్ల మీద భద్రత ఫిర్యాదు స్థానిక కౌన్సిల్‌కి, ఫ్యాక్టరీలు, తోటలు, కట్టడాల మీద హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌కి పోతుంది.

ఒంటి సంగతి చట్టం కన్నా ముందు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, పిక్కలు పట్టేయడం వస్తే పని ఆపి చల్లటి చోట పడుకోవాలి, కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టాలి, బట్టలు వదులు చేసి ఒళ్లు తడిపి గాలి కొట్టాలి, నీళ్లు తాగాలి. అరగంటలో తేరుకోకపోతే, లేదా మాట తడబడితే, మనిషి మతి తప్పితే 999. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు వేసవికి ముందే జీపీని అడగాలి. మజ్జిగలో ఉప్పేసి సీసాలో పట్టుకపొండి, దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లలు ఫోన్‌లో "ఈడ ఎండ ఎక్కువున్నది" అంటే ఫోన్‌లో కనపడే అంకె చూసి నవ్వకండి. ఏ పనిలో ఉన్నావ్, గాలి ఆడుతున్నదా, నీళ్లు తాగనిస్తున్నరా అని అడగండి. మీరు నవ్వితే మళ్లీ చెప్పరు.

ఆ తమ్ముడు, వాళ్ల షిఫ్ట్‌లో ఇంకో ఐదుగురు, అందులో ఇద్దరు రొమేనియా వాళ్లు, కలిసి థర్మామీటర్ గురించి మెసేజ్ పెట్టారు. నాలుగు రోజులు జవాబు లేదు. ఐదో రోజు పై అంతస్తు స్తంభానికి ఒకటి తగిలించారు. మధ్యాహ్నం మూడింటికి దాని ఫోటో నాకు పంపాడు. ఆరోజు బయట 28. లోపల 34. అదే ఫోటో వాళ్ల బాపుకి కూడా పంపాడట.