నలుపు కూడా పోయింది

చూపు లేనివాళ్ళ మీద మా పత్రికకు వచ్చే కథల్లో మొదటి పేరాలోనే చీకటి పడిపోతుంది. రాసినవాళ్ళు ఓ నిమిషం కళ్ళు మూసుకుని చూసి రాశారని ఇట్టే తెలిసిపోతుంది. చూపు పోయిన అర్జెంటీనా రచయిత బోర్హెస్‌కి ఈ చీకటితోనే పేచీ. 1977లో బ్యూనస్ ఐరిస్‌లో అంధత్వం మీద చేసిన ప్రసంగంలో, తనకు దూరమైన రంగుల్లో నలుపు కూడా ఉందన్నాడు. చిమ్మచీకట్లో పడుకునే అలవాటున్న మనిషికి ఆకుపచ్చో నీలమో తెలియని మసక వెలుగులో నిద్రపోవాల్సి వచ్చింది. పసుపు మాత్రం ఇంకా వదల్లేదట. చదవలేని కళ్ళతో ఆయన జాతీయ గ్రంథాలయానికి అధిపతి అయిన సంగతి (1955) అందరూ చెప్పుకుంటారు. నాకు ఆ పసుపే ఎక్కువ చెప్పింది.

మనకు ధృతరాష్ట్రుడున్నాడు, ఆయన గుడ్డితనం పుత్రప్రేమకు మారుపేరైపోయింది. సినిమాల్లో 'అమావాస్య చంద్రుడు' (1981) వయొలిన్ పట్టుకున్నాడు, 'సిరివెన్నెల' (1986) కథానాయకుడు వేణువు పట్టుకున్నాడు. రెండూ ఇష్టమైన సినిమాలే. కానీ చూపు పోయినవాడికి సంగీతం ఇచ్చి లెక్క సరిపెట్టడం మనకు అలవాటైపోయింది. చూపు పోతూ ఉన్న ఏళ్ళ కథ మాత్రం మా బల్ల మీదికి రాలేదు.

మా పెద్దమ్మకి నీటికాసులు. ఆ జబ్బు సాధారణంగా అంచుల నుంచి తింటూ వస్తుంది, తింటున్నట్టు మనిషికే తెలియదు. సూదిలో దారం ఎక్కించేది. అదే మనిషి పక్కనున్న చెంబు తన్నేసేది, గుమ్మానికి భుజం కొట్టుకునేది. "చూసుకుని నడవొచ్చుగా" అని విసుక్కునేవాళ్ళం. ఆవిడా తన పరధ్యానమే అనుకుని ఊరుకునేది. అలా ఎన్నేళ్ళు గడిచాయో! ఇప్పుడు కాఫీ పోసేటప్పుడు గ్లాసు అంచు లోపల చూపుడువేలు ఆనించి, వేడి తగలగానే ఆపుతుంది. ఒక్క చుక్క ఒలకదు.

జాన్ హల్ బర్మింగ్‌హామ్‌లో ప్రొఫెసరు. చూపు పూర్తిగా పోయాక 1983 నుంచి తన రోజుల్ని క్యాసెట్లలో చెప్పుకుంటూ పోయాడు. భార్య ముఖం, చివరికి తన ముఖం కూడా జ్ఞాపకంలోంచి ఎలా జారిపోతున్నాయో వాటిలో ఉంది. అవే 1990లో పుస్తకమయ్యాయి. 2016లో సినిమా తీసినవాళ్ళు ఆ క్యాసెట్ల గొంతునే ఉంచి, నటుల చేత పెదవులు మాత్రం కదిలించారు. ఆయన తలుపు తీసి వాన వినే ఘట్టం ప్రసిద్ధం. కప్పు మీద ఒక చప్పుడు, పొదల మీద ఒకటి, దారి మీద మరొకటి. చినుకులతో తోటంతా రూపు కడుతుంది.

ఇది చదివిన ఉత్సాహంలో పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ నవ్వింది.

"ఆయనకి తోటుందిరా. మనకి రేకుల వసారా. వాన పడితే గేటు చప్పుడు కూడా వినపడదు, ఎవరొచ్చారో తెలీదు. తగ్గేదాకా నువ్విక్కడే కూర్చో."